తోడు

పదమూడో రోజు నొప్పి మొదలైంది.
గొప్ప నొప్పేం కాదు.
బస్సు వెనక సీట్లో ఎవరో
ఫోను చెవికి ఆనించుకుని గొణుగుతున్నట్టు
బొడ్డుకి పైన, కాస్త కుడిపక్కగా.

కుట్లేమో అనుకున్నాను.
అయిదు కోతలు, ఒక్కోటీ అగ్గిపుల్లంత.
లోపల మాత్రం పొట్టలో ముప్పాతిక కోసి తీసేశారు,
మిగిలింది అరటికాయంత గొట్టం.
నూట ఇరవై ఏడు కిలోలు. సంతకం నాదే.
ఆడపడుచులకి మాత్రం పిత్తాశయంలో రాళ్ళని చెప్పాను.
తిని తిని కోయించుకుందంటారని.

నీళ్ళు తాగమన్నారు.
మందుమూతతో కొలిచి, పావుగంటకో మూత,
యాభై మూతలు, పన్నెండున్నర గంటలు.
ఏ రోజూ ఇరవై దాటలేదు నేను.
పదకొండేళ్ళుగా దాహాన్ని నోట్లోనే మడిచిపెట్టుకున్నదాన్ని.
జీలాంగ్‌లో ఈ చివరినుంచి ఆ చివరికి
ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ స్టాపులున్నాయి.
డ్రైవరు ఒంటికెళ్ళడానికి లేదు.

జూలై రాత్రి. కోరియో బే మీంచి ఈదురుగాలి.
భాస్కర్ కారు నడుపుతున్నాడు,
ప్రతి స్పీడుబ్రేకరుకీ నాకు సారీ చెబుతూ.
పక్కసీట్లో నా కుడికాలు
లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

స్కానులో చేతిలోకి రంగుమందు ఎక్కించినప్పుడు
ఒళ్ళంతా పాకిన వేడికి
బట్టల్లోనే పోసేసుకున్నానని ఏడ్చాను.
లేదు, పొడిగానే ఉన్నావంది నర్సు.
అందరికీ అలాగే ఉంటుందిట.

టోంగా పిల్ల, డాక్టరు, ముప్ఫై కూడా ఉండవు.
చేతులు తుడుచుకునే కాగితం మీద బొమ్మ గీసింది.
పేగుల్లోంచి వచ్చే నెత్తురంతా
ఈ ఒక్క సిరలోంచే కాలేయానికి చేరాలి.
ద్వారం లాంటిది.
ఇదుగో, ఇక్కడ గడ్డ కట్టింది.

గడ్డ కట్టడం నాకు తెలీనిదా?
గోరువెచ్చదనం, చీకటి, మూతపెట్టిన గిన్నె.
తోడేశాక కదపకూడదు, అంతే.
పదమూడు రోజులు సోఫాలో కదలకుండా పడుకుని
అన్నీ నేనే అమర్చిపెట్టాను.
ఆ తొలిచుక్క ఎవరు వేశారో గాని.

నీ తప్పు కాదంది డాక్టరు పిల్ల.
కొన్ని వందల మందిలో ఒకరికి వస్తుందంది.
నా బస్సులో నలభై మూడు సీట్లు.
ఎన్ని బస్సులు నింపి
ఈ ఒక్క సీటు నాకు అట్టేపెట్టారో.

పొట్ట మీద సూదులు, పొద్దుటొకటి, రాత్రొకటి.
తెల్లారేసరికి మచ్చలు, నేరేడుపళ్ళు నలిపినట్టు.

పక్క మంచం లినెట్.
ఉన్నిమిల్లులో ముప్ఫయ్యేళ్ళు చేసిందిట,
చెవులు సగమే పనిచేస్తాయి.
నా నీళ్ళ సంగతి వినీ వినకుండానే పట్టేసింది.
పావుగంటకోసారి పెళ్ళుంగరంతో మంచం కమ్మీని కొట్టేది.
టింగ్.
నేను మూత ఎత్తేదాన్ని.
రాత్రి రెండింటికి ఇద్దరం
సెలైను స్టాండ్లు దొర్లించుకుంటూ
వరండా ఆ చివరికీ ఈ చివరికీ.
దేనికి కోయించుకున్నావని అడిగింది.
చెప్పాను. ఉన్నదున్నట్టు,
ఆమె వినాలని కాస్త గట్టిగా కూడా.
వార్డంతా వినే ఉంటుంది.

మూడు నెలలకి మళ్ళీ స్కాను.
గడ్డ పూర్తిగా కరగలేదు.
దాని పక్కనుంచి సన్నటి సిరలు మొలిచాయిట,
జుట్టుపోగుల్లా, వంకర టింకరగా.
దారి మళ్ళింపు బోర్డు ఎవరు పెట్టారని
అడగబోయి ఊరుకున్నాను.

సోమవారం డ్యూటీలో చేరాను.
సీటు ముందుకి జరుపుకోవాల్సొచ్చింది.
నార్లేన్ దగ్గర, పెట్రోలుబంకు ఎదురుగా
బస్సాపి మైకు తీసుకున్నాను.
మూడు నిమిషాలండీ, బాత్రూముకి వెళ్ళొస్తాను.

అద్దంలో ఒక ముసలాయన వాచీ చూసుకున్నాడు.
ఒక పిల్ల చెవుల్లోంచి పాట తీసి, మళ్ళీ పెట్టుకుంది.
తిరిగొచ్చేసరికి
అందరూ ఉన్నారు.
సీసా మూత తిప్పి, ఒక గుక్క తాగి,
అప్పుడు తీశాను బండి.